బస్తా మోసే బొమ్మ

పిల్లలూ! బొమ్మను కొనుక్కోవటం ఒక ఆనందం, బొమ్మను చేసుకోవటం మరొక ఆనందం. కొన్న బొమ్మతో నాలుగు రోజులు ఆడుకొని మూల పడవేస్తాము. చేసుకొన్న బొమ్మ అంత తేలికగా మనల్ని వదలదు. చెప్పు ఏ వైపున అరిగింది? తలకు చుట్టిన తువ్వాలు ముడి ఎక్కడ ఉంది? మనిషి నిలబడ్డ చోట నేల ఎర్రనా, నల్లనా? ఇలాటి ప్రశ్నలు నూరు అడుగుతుంది. వాటికి జవాబులు తెలిస్తేనే గాని బొమ్మ పూర్తి కాదు. అందుకని బొమ్మలు చేయటాన్ని నేను ఆటల్లో కాక చదువుల్లో చేర్చుతాను. పంతులుకు ప్రతిదీ చదువులాగే కనిపిస్తుందని మీరు నవ్వుకొన్నా సరే!

ఈ నెల మీకు చెప్పబోయేది జానెడు ఎత్తు కూడా లేని ఒక బొమ్మ సంగతి. అది రాజు బొమ్మ కాదు, దేవుడి బొమ్మా కాదు. వీపు మీద మిరపకాయల బస్తా మోస్తున్న హమాలీ బొమ్మ. దాన్ని ఎలా చేయాలో, దాని కింద నేలను ఎలా తయారు చేయాలో, చేసేటప్పుడు పిల్లలు ఏమేమి నేర్చుకొన్నారో వరుసగా చెబుతాను, వినండి.

మా ఊరు ఎనుమాముల. వరంగల్లును ఆనుకొనే ఉన్నది. ఇక్కడి వ్యవసాయ మార్కెట్టు పేరు మీలో చాలామంది విని ఉంటారు. ఆసియా ఖండంలోని పెద్ద మార్కెట్లలో ఇదొకటని మావాళ్ళు గర్వంగా చెప్పుకొంటారు. పత్తి, మిరప, పసుపు, మక్కజొన్న, అన్నీ ఇక్కడికి వస్తాయి. సంక్రాంతి దాటి ఎండలు ముదిరేదాకా మిరప కాలం. అప్పుడు చూడాలి యార్డును! ఎటు చూచినా ఎర్రటి రాసులు, గోనె బస్తాల గోడలు. ధర నిర్ణయించటానికి పొద్దున్నే ‘జెండా పాట’ జరుగుతుంది. పాట ముగిసిందంటే ఇక అందరికీ చేతి నిండా పనే. తూకం వేసే దడువాయిలు, కాయలు ఎత్తే చాట కూలీలు, లెక్క వ్రాసే గుమాస్తాలు, బస్తాలు మోసే హమాలీలు, ఎవరి పని వారిది. కొత్తగా వచ్చినవాళ్ళకు మాత్రం మొదట తెలిసేది ఘాటు. తుమ్మకుండా గేటు దాటినవాడు లేడు!

ఆదివారం నాడు మా అరుగు మీదకు అయిదారుగురు పిల్లలు వస్తూ ఉంటారు. రంగులు, జిగురు, తీగలు, రంపపు పొట్టు, ఇవే మా సరంజామా. ఒకనాడు ఏ బొమ్మ చేద్దామన్న ప్రశ్న వచ్చింది. “రుద్రమదేవి! గుర్రం మీద!” అని అందరూ ఒక్కసారిగా అన్నారు. ఓరుగల్లు పిల్లలు మరి, ఆ మాట రాకపోతేనే వింత.

“మంచిదే. గుర్రానికి జీను ఎలా బిగిస్తారో మీలో ఎవరు చూచారు?” అన్నాను.

ఎవరూ చూడలేదు.

“కళ్ళెం ఎటునుండి ఎటు పోతుంది?”

జవాబు లేదు.

“సరే, బస్తా ఎలా మోస్తారో ఎవరు చూచారు?”

అన్ని చేతులూ లేచాయి. ఒక్క కుర్రవాడి చెయ్యి మాత్రం లేవలేదు. అతడు నేల చూస్తూ కూర్చున్నాడు. అతని తండ్రి మార్కెట్టులో హమాలీ అని నాకు తెలుసు. తోటివాళ్ళకు ఆ సంగతి తెలియటం అతనికి ఇష్టం లేదని అప్పుడు తెలిసింది. నేనేమీ అనలేదు. “అయితే హమాలీ బొమ్మ చేద్దాము. చూచిన దాన్నే ముందు చేయాలి,” అని మాత్రం అన్నాను.

హమాలీని బొమ్మగా చేయటమేమిటి అని మీకు సందేహం కలుగవచ్చు. నాలుగు వేల ఏళ్ళ నాటి మాట ఒకటి చెబుతాను. ఈజిప్టు దేశంలో మెకెత్రే అనే పెద్ద అధికారి ఉండేవాడు. 1920లో అతని సమాధిలో ఒక రహస్యపు గది బయటపడింది. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం వారు ఆ తవ్వకాలు జరిపించారు. గది నిండా చిన్న చిన్న కర్రబొమ్మలు! పడవలు, పశువుల కొట్టం, తోట, రొట్టెలు చేసే ఇల్లు, అన్నీ రంగులు వేసి ఉన్నాయి. అందులో ఒక ధాన్యపు కొట్టు కూడా ఉంది. ఆ కొట్టులో ధాన్యం బస్తాలు మోసేవారు 6గురు, కొలిచి లెక్కలు వ్రాసేవారు 9 మంది! ఈ మాట చెప్పగానే మా పిల్లలు పకపక నవ్వారు. మన మార్కెట్టు లాగే ఉన్నదే అన్నారు. ఆ బొమ్మలు కొన్ని ఇప్పుడు న్యూయార్కులో, కొన్ని ఈజిప్టులో ఉన్నాయి. ఆ కాలపు మనుషులు బస్తా ఎలా మోశారో, కొట్టుకు తలుపు ఎక్కడ పెట్టారో లోకానికి తెలియజెప్పినవి ఆ జానెడు బొమ్మలే.

అంత దూరం ఎందుకు? చేర్యాల మనకు దగ్గరే. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలో ఉండేది, 2016 నుండి సిద్ధిపేట జిల్లాలో ఉన్నది. అక్కడి నకాషీ చిత్రకారులు గజాల కొద్దీ పొడవున్న బట్ట మీద కథలు చిత్రిస్తారు. బొమ్మలూ, ముఖాలూ కూడా చేస్తారు. ఊరూరా తిరిగి కథలు చెప్పేవారు ఆ పటాలను విప్పి, ఆ బొమ్మలను నిలబెట్టి కథ నడిపించేవారు. నిర్మల్ బొమ్మలకూ, కృష్ణా తీరాన కొండపల్లి బొమ్మలకూ తేలికైన పొణికి కర్ర వాడతారు. ఈ పనివారికి తరతరాలుగా తెలిసిన గొప్ప పదార్థం ఒకటుంది. అదే చింతగింజల జిగురు కలిపిన రంపపు పొట్టు. దీన్ని మక్కు అంటారు. మా హమాలీ ఒళ్ళంతా మక్కే. ఖర్చు చూడబోతే దాదాపు సున్న.

ఇక పనిలోకి దిగుదాము. అన్నిటికన్నా ముందు కొలత. మేము 20వ వంతు అనుకొన్నాము. అంటే నిజంగా 20 సెంటీమీటర్లు ఉన్నది బొమ్మలో 1 సెంటీమీటరు. మనిషి ఎత్తు 160 సెంటీమీటర్లు అయితే బొమ్మ 8 సెంటీమీటర్లు. బస్తా పొడవు 90 అయితే ఇక్కడ నాలుగున్నర. ఒక్కసారి కొలత నిర్ణయించాక చెప్పుకైనా, బకెట్టుకైనా, మిరపకాయకైనా అదే కొలత. ఇక్కడ తప్పితే ఎంత బాగా రంగు వేసినా బొమ్మ బొమ్మగానే మిగులుతుంది.

మరి బరువు సంగతో? “40 కిలోల బస్తాకు 20వ వంతు 2 కిలోలు,” అన్నది ఒక అమ్మాయి చటుక్కున. ఆలోచించండి. పొడవు 20వ వంతు, వెడల్పు 20వ వంతు, ఎత్తు 20వ వంతు. 20ని మూడుసార్లు గుణిస్తే 8000. కాబట్టి ఆ చిన్న బస్తాను మిరపకాయలతోనే నింపగలిగితే దాని బరువు 40 కిలోల్లో 8000వ వంతు, అంటే 5 గ్రాములు! ఒక చిన్న నాణెం బరువన్నమాట. ఆ కుర్రవాడు ఈ లెక్కను పలక మీద రెండుసార్లు వేసి చూచుకొన్నాడు. తరువాత మెల్లగా, “అయితే మా నాయిన మోసేది దీనికి 8000 రెట్లు,” అన్నాడు. అంతదాకా అతను అణచుకొన్న మాట అలా లెక్కలో బయటపడింది. అందరూ అతనివైపు చూచారు. ఒకడు మాత్రం, “మీ నాయిననా? మరి గింతసేపు చెప్పకపోతివి!” అని నిష్ఠూరమాడాడు. కావలసిన మనిషి ఇంటి దగ్గరే ఉండగా తామంతా ఊహించుకొంటూ కూర్చున్నామని వాడి బాధ!

మేస్త్రీలు చువ్వలు కట్టే సన్నని ఇనుపతీగ తెచ్చి, రెండు పేటలుగా మెలిపెట్టి, తల, వెన్ను, చేతులు, కాళ్ళు చేశారు. ఇది బొమ్మకు అస్థిపంజరం. పిల్లలు దాన్ని సైనికుడిలాగ నిటారుగా నిలబెట్టి, వీపున మట్టితో చేసిన బస్తా అతికించారు. చెయ్యి తీయగానే బొమ్మ వెల్లకిలా పడింది. మళ్ళీ నిలబెట్టారు, మళ్ళీ పడింది. ఎందుకు పడుతున్నదో నేను చెప్పలేదు. చెప్పవలసినవాడు సాయంత్రం వచ్చాడు. కొడుకును పిలుచుకుపోవటానికి వచ్చిన ఆ తండ్రి తీగ మనిషిని చూచి నవ్వాడు.

“ఏంది బిడ్డా, గీన బస్తా మోస్తుండా, ఫోటో దిగుతుండా?”

ఆయన అరుగు దిగి, వాకిట్లో ఖాళీ వీపుతోనే బస్తా ఎత్తుకొన్నట్లు నిలబడి చూపించాడు.

“బస్తా యెన్కకు గుంజుతది. మనం ముందుకు వంగాలె. నడుము దగ్గర్నే విరిగినట్టు కాదు, తొడల కాడికెల్లి వంగాలె. మోకాలు కొంచెం మడవాలె. కండ్లు ఎదురుంగ ఉండయి, అడుగు పడే కాడ ఉంటయి.”

పిల్లలు తీగను అలాగే వంచారు. బస్తా పెట్టారు. బొమ్మ నిలబడింది!

ఇందులో ఇంద్రజాలమేమీ లేదు. ప్రతి వస్తువుకూ దాని బరువంతా ఒకచోట చేరినట్లు లెక్కించదగిన చోటు ఒకటి ఉంటుంది. దాన్ని గరిమనాభి అంటారు. అక్కడినుండి నేరుగా కిందికి గీసిన గీత పాదాల నడుమ పడితే మనిషి నిలబడతాడు. పాదాల వెనుక పడితే వెనక్కు పడతాడు. వీపున బస్తా ఎక్కగానే మనిషికీ బస్తాకూ కలిపి గరిమనాభి వెనక్కు జరుగుతుంది. ముందుకు వంగితే అది మళ్ళీ పాదాల పైకి వస్తుంది. ఈ సూత్రం పుస్తకంలో ఒక పేజీ. దాన్నే ఆయన రోజంతా వీపు మీద మోస్తున్నాడు. “రోజుకు ఎన్ని బస్తాలు మోస్తావు మామా?” అని ఒక పిల్లవాడు అడిగాడు. “లెక్క పెట్టుకోను బిడ్డా. లెక్క పెడ్తె బరువైతది,” అన్నాడాయన.

ఇక మక్కు. చింతగింజలను వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, మెత్తగా రుబ్బాలి. నీళ్ళు పోసి అంబలిలా ఉడికిస్తే చిక్కటి జిగురు తయారవుతుంది. పొయ్యి దగ్గర పని పెద్దవాళ్ళు చేయాలి సుమా! రంపపు పొట్టును సన్నని జల్లెడలో జల్లించి, ఆ జిగురుతో చపాతీపిండిలా పిసకాలి. దీన్ని తీగ మీద పలుచగా పట్టించి, నీడన ఆరనిచ్చి, మరునాడు దానిపై మరొక పొర వేయాలి. తొందరపడి ఒకేసారి మందంగా వేసి ఎండలో పెట్టారో, పగుళ్ళే! పైపొర త్వరగా ఆరి ముడుచుకుంటుంది, లోపల ఇంకా తడిగానే ఉంటుంది. ముడుచుకొన్న పైపొరకు చోటు చాలక చీలుతుంది. చెరువు ఎండినప్పుడు బురద నెర్రెలు విచ్చేది కూడా ఇందుకే.

ఒళ్ళు ఆరిన తరువాత ఉప్పుకాగితంతో రుద్ది నునుపు చేసి, సుద్దపొడిలో తుమ్మజిగురు కలిపి రెండు పూతలు వేయాలి. బొమ్మంతా తెల్లగా అయిపోతుంది. గోధుమరంగు మనిషికి ముందు తెల్లరంగు ఎందుకు? పలుచని రంగులోనుండి వెలుతురు కొంత లోపలికి పోతుంది. కింద తెలుపు ఉంటే ఆ వెలుతురు తిరిగి వచ్చి రంగును నిగనిగలాడిస్తుంది. కింద మక్కు రంగే ఉంటే వెలుతురును అది మింగేస్తుంది, పైరంగు చచ్చిపోయినట్లుంటుంది.

రంగులు వేయటంలో మెలకువ ఒకటి ఉన్నది. మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబడ్డ మనిషిని చూడండి. భుజాలు మెరుస్తుంటాయి. గడ్డం కింద, చంకల్లో, పంచె ముడతల్లో చీకటి ఉంటుంది. అదే మనిషి బొమ్మను మీరు గదిలో బల్ల మీద పెడతారు. గదిలో వెలుతురు నాలుగు గోడల నుంచీ మెత్తగా వస్తుంది, కాబట్టి నీడలు సరిగా పడవు. అందుకని ఎండ చేయవలసిన పనిని కుంచె చేయాలి. ముందు ఒళ్ళంతా ఒకే రంగు వేయండి. ఆరాక అదే రంగుకు కొంచెం నలుపూ నీలమూ కలిపి, నీళ్ళతో పలుచన చేసి, పల్లాల్లోకి జారవిడవండి. చివరకు అసలు రంగులో తెలుపూ పసుపూ కలిపి ఎత్తయిన చోట్ల మాత్రం తాకించండి. భుజం మీద ఒక చుక్క జిగురు అలాగే ఆరనిస్తే చెమట పట్టినట్లు మెరుస్తుంది. ఎక్కువ పెడితే నూనె రాసినట్లుంటుంది, జాగ్రత్త.

పంచెకు మా పిల్లలు తళతళలాడే తెలుపు వేయబోతే ఆ కుర్రవాడే ఆపాడు. “పొద్దుగాల తెల్లగనే ఉంటది. పదింటికే ఎర్రగైతది,” అన్నాడు. మిరప దుమ్ము! ఇంటికి వచ్చిన తండ్రి పంచెను రోజూ చూచేవాడికి గాక ఇంకెవరికి తెలుస్తుంది? ముక్కుకు కట్టుకొన్న రుమాలు కూడా అతను చెప్పిందే. కన్నుల సంగతి సులువు. నిజమైన కన్ను వెడల్పు 3 సెంటీమీటర్లు. బొమ్మలో అది ఒకటిన్నర మిల్లీమీటరు. అందులో తెల్లగుడ్డు, నల్లగుడ్డు అంటూ పోతే బొమ్మ భయపడ్డట్లు కనిపిస్తుంది. పైగా మన మనిషి నేల చూస్తున్నాడు. ఒక సన్నని నల్లగీత చాలు.

బస్తా దగ్గర పెద్ద విచిత్రం జరిగింది. ఒక పిల్లవాడు ఉత్సాహంగా అసలు గోనె ముక్కను తెచ్చాడు. కుట్టి బొమ్మ వీపున పెడితే అది బస్తాలా లేదు, మోకులతో అల్లిన వలలా ఉంది! కారణం మీరే చెప్పగలరు. గోనె నారపోగు మందం మిల్లీమీటరు దాకా ఉంటుంది. బొమ్మ లోకంలో అది 2 సెంటీమీటర్ల మోకు. అసలు గోనెలా కనిపించాలంటే పోగు 20 రెట్లు సన్నగా ఉండాలి. అందుకని పాత పంచె ముక్కను తేనీటి డికాషనులో ముంచి ఆరబెట్టాము. అచ్చం గోనె! అసలు వస్తువు కన్న వేరే వస్తువే అసలులా కనిపించటం ఈ పనిలోని తమాషా. మూతి దగ్గర సన్నదారంతో కుట్లు వేసి, లోపల పొట్టు బిగించి కూరి, వీపు ఒంపుకు తగినట్లు కొంచెం వంచాము.

ఇప్పుడు నేల. చాలామంది బొమ్మ పూర్తికాగానే పని అయిందనుకొంటారు. పీట మీద ఒంటరిగా నిలబెట్టిన హమాలీ ఎక్కడివాడు? ఏ కాలంలో, ఏ సరుకు మోస్తున్నాడు? ఎవరికీ తెలియదు. ఆ కథంతా కింది నేలే చెప్పాలి. 20 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చెక్క తీసుకొన్నాము. బొమ్మ లోకంలో అది 4 మీటర్లు, 3 మీటర్లు. అందులో సగం షెడ్డులోని సిమెంటు గచ్చు, సగం బయటి మట్టినేల. హమాలీ గచ్చు దాటి ఎండలోకి అడుగు పెడుతున్నాడు.

గచ్చుకు సుద్ద, జల్లించిన బూడిద, జిగురు కలిపి పూశాము. పూర్తిగా ఆరకముందే సూదితో పగుళ్ళు గీశాము. మిరప రాసి పోసే చోట గచ్చు కొంచెం ఎర్రబారి ఉంటుంది. కుంచెను ఎర్రరంగులో ముంచి, గుడ్డకు తుడిచి, దాదాపు పొడిగా ఉన్నప్పుడు గచ్చు మీద తేలికగా రాస్తే ఆ మరకలు వస్తాయి. మట్టినేలకు మా వాకిటి ఎర్రమట్టినే వాడాము, కాని పలుచని గుడ్డలో జల్లించిన తరువాత. ఎందుకంటే 1 మిల్లీమీటరు ఇసుక రేణువు ఇక్కడ 2 సెంటీమీటర్ల కంకర రాయి అవుతుంది. జల్లించిన మట్టి రోడ్డు దుమ్ము, మిగిలిన ఇసుక కంకర. రెండూ పనికివచ్చాయి. మట్టిని జిగురుతో అతికించగానే రంగు ముదిరింది. వాన పడ్డ నేల ముదురుగా కనిపిస్తుంది గదా, అదే కారణం. రేణువుల నడుమ గాలి ఉన్నప్పుడు వెలుతురు బాగా చెదిరి తిరిగి వస్తుంది. ఆ సందుల్లో నీరో జిగురో నిండితే తక్కువ వస్తుంది. పైన కొద్దిగా సుద్ద కలిపిన ఎర్రమట్టి చల్లితే మళ్ళీ ఎండినేల అయింది. బండి చక్రాన్ని దొర్లించి టైరు జాడలు వేశాము.

మరి మిరపకాయలు? చీపురు పుల్లలను 4 మిల్లీమీటర్ల ముక్కలు చేసి ఎర్రరంగు వేస్తే 8 సెంటీమీటర్ల సన్నకాయలు. మా ప్రాంతపు చపాటా మిరప పొట్టిగా, లావుగా ఉంటుంది. రంగెక్కువ, కారం తక్కువ. దానికి 2025లో జి.ఐ. అనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. చపాటాకు వంటింట్లోని నూకలు సరిగ్గా సరిపోయాయి. ఎర్రరంగు ఆరాక తొడిమ దగ్గర ఒక పచ్చటి చుక్క. అన్నీ ఒకే ఎరుపు వేయకండి. కొన్ని ముదురు, కొన్ని లేత, అక్కడక్కడ తెల్లబారిన తాలుకాయ. రాసి అంటేనే ఎన్నో ఎరుపులు.

అంతా అయిన తరువాత ఆ తండ్రి మళ్ళీ వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చొని, కన్ను బొమ్మ ఎత్తుకు దించి, చాలాసేపు చూచాడు. తరువాత వేలితో హమాలీ పాదం కింద ఉన్న ఒక నూక మిరపకాయను చూపించాడు.

“గిది తియ్యుండ్రి. హమాలీ కాయ తొక్కడు. రైతు సొమ్ము గద.”

ఆ కుర్రవాడే సూదితో దాన్ని లేపి పక్కకు పెట్టాడు. వేలెడంత నేల మీద ఒక నూకగింజ జరిగింది, అంతే. అయినా ఆ తరువాతనే అది ఎనుమాముల నేల అయిందని నాకనిపించింది.

చెక్క ముందువైపున పేరు వ్రాయటానికి చిన్న అట్టముక్క అతికించాము. కుర్రవాడు పెన్సిలుతో ‘హమాలీ’ అని వ్రాశాడు. కొంచెంసేపు చూచి చెరిపేశాడు. ఈసారి తండ్రి పేరు, ఇంటిపేరుతో సహా, గుండ్రటి అక్షరాలతో వ్రాశాడు. దాని కింద చిన్నగా ‘హమాలీ, ఎనుమాముల మార్కెట్టు’ అని చేర్చాడు. అడిగేవారికి ఇప్పుడు తానే ముందుకు వచ్చి బొమ్మ సంగతి చెబుతున్నాడు. గరిమనాభి దగ్గర మొదలుపెట్టి తాలుకాయల దాకా ఒక్కటీ వదలడు!

మీరు కూడా చేయండి పిల్లలూ. మీ ఊళ్ళో కుమ్మరి ఉన్నాడేమో, వలలు అల్లే జాలరి ఉన్నాడేమో, ఇస్త్రీ బండి నడిపే అవ్వ ఉన్నదేమో. ముందు వారి అనుమతి అడగండి. దగ్గర కూర్చొని పనిని చూడండి. పనిముట్లను కొలవండి. నేల రంగును, నిలబడే తీరును వ్రాసుకోండి. సగం పని అయ్యాక బొమ్మను వారికే చూపించండి. అందులోని లోపాలను వారికన్న బాగా చెప్పే పంతులు మరొకరు ఉండరు. తయారైన బొమ్మను తడి తగలకుండా ఉంచి, పెట్టెలో నాలుగు ఎండు వేపాకులు వేయండి. చింతగింజల జిగురంటే పురుగుకు ఎంతో ఇష్టం.

మరొక్క మాట. ఈజిప్టు ధాన్యపు కొట్టులో 9 మంది కొలతలూ లెక్కలూ చూచారని చెప్పాను గదా. ఆ కొట్టు యజమాని మెకెత్రే అని నేటికీ లోకానికి తెలుసు. బస్తాలు మోసిన ఆ 6గురి పేర్లు మాత్రం మన దాకా రాలేదు. మీ బొమ్మ కింద పేరు వ్రాయటం మరువకండి.